పిల్లల ముంజేతి శస్త్రచికిత్స – తరువాత వచ్చే ఉపద్రవాలు

సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు వచ్చాయంటే చేయి విరిగిన పిల్లలు వైద్యుల ఇళ్ళకు రావడం ఎక్కువవుతుంది. మామిడిచెట్టు ఎక్కి జారినవారు, సైకిలు నేర్చుకుంటూ పడినవారు, గాలిపటం వెంట పరుగెత్తి మేడమెట్ల మీద తూలినవారు – కారణం ఏదైనా పడే తీరు ఇంచుమించు ఒక్కటే. పడబోయే పిల్లవాడు తనకు తెలియకుండానే చేయి చాచి నేలను ఆనుకుంటాడు. శరీరభారమంతా ఆ చేతి మీద పడుతుంది. అందువల్లనే బాల్యంలో విరిగే ఎముకలలో ముంజేతి ఎముకలది పెద్ద వాటా.

వీటిలో చాలావాటికి కోత అక్కరలేదు. ఎముకలను సరిచేసి పిండికట్టు వేస్తే అతుక్కుంటాయి. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చినప్పుడు, సరిచేసిన ఎముకలు కట్టులో నిలవకుండా పక్కకు తొలగినప్పుడు, పిల్లవాడు పదేళ్ళు దాటి ఎదుగుదల తక్కువ మిగిలి ఉన్నప్పుడు శస్త్రచికిత్స అవసరమవుతుంది. అది సక్రమంగా జరిగి, ఒకటి రెండు రోజులలో పిల్లవాణ్ణి ఇంటికి పంపుతారు. ఇంటివారు 'గండం గడిచింది' అని ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి గృహస్థుల బాధ్యత ఆ గడియనుంచే మొదలవుతుంది.

ఆయుర్వేదంలో 'ఉపద్రవం' అనే మాటకు ప్రత్యేకమైన అర్థం ఉన్నది. మూలవ్యాధి వెనుకనే, దానిని ఆధారంగా చేసుకొని పుట్టే మరొక బాధను ఉపద్రవం అంటారు. ఒక్కొక్కప్పుడు మూలవ్యాధికంటె ఉపద్రవమే ఎక్కువ కీడు చేస్తుంది. విరిగిన ఎముక మూలవ్యాధి అనుకుంటే, దాని చికిత్స శస్త్రవైద్యుడు చేశాడు. ఉపద్రవాన్ని మాత్రం అందరికంటె ముందు చూడగలిగేది పిల్లవాడి పక్కన పడుకున్న తల్లి. ఆమె ఏమి చూడాలి, ఏది చేయాలి, ఏది చేయకూడదు అన్నవి వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముంజేతి నిర్మాణం

ముంజేతిలో రెండు ఎముకలు ఉంటాయి. బొటనవేలి వైపున ఉండేది రత్ని, చిటికెనవేలి వైపున ఉండేది అరత్ని. అరత్ని ఇంచుమించు స్థిరంగా ఉండగా రత్ని దాని చుట్టూ తిరుగుతుంది. తీర్థం పుచ్చుకోవడానికి అరచేతిని పైకి తిప్పినప్పుడు ఈ రెండు ఎముకలు పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి. రాయడానికి అరచేతిని కిందికి తిప్పినప్పుడు రత్ని అరత్నికి అడ్డంగా దాటుతుంది. ఈ తిరుగుడే ముంజేతి ప్రత్యేకత. ముంజేయి విరిగినప్పుడు ముందుగా పోగొట్టుకొనేది కూడా ఈ తిరుగుడునే.

ఎముకల చుట్టూ కండరాలు, వాటి నడుమ రక్తనాళాలు, నరములు ఉంటాయి. ఈ కండరాలను గట్టి పొరలు అరలు అరలుగా చుట్టి ఉంచుతాయి. ఈ పొర పట్టుగుడ్డ వలె బలమైనది, కాని సాగదు. లోపల వాపు పుడితే అది బయటికి ఉబ్బడానికి చోటు లేక లోపలికే నొక్కుతుంది. ఈ ఒక్క విషయం జ్ఞాపకం ఉంచుకుంటే ముందు చెప్పబోయేది సులభంగా అర్థమవుతుంది.

నేడు శస్త్రవైద్యులు అనుసరించే పద్ధతులు ముఖ్యంగా మూడు. సాగే గుణం గల సన్నని లోహపు కడ్డీలను మజ్జ ఉండే దారిలోకి చొప్పించి ఎముకను లోపలనుంచి నిలపడం మొదటిది. కోసి, లోహపు పలకను మరలతో బిగించడం రెండవది. మణికట్టు దగ్గర విరిగినప్పుడు చర్మం మీదుగా సన్నని తీగలు గుచ్చి నిలపడం మూడవది. వీటి తరువాత కూడా కొన్నాళ్ళపాటు కట్టు ఉండవచ్చు.

నాడి ఆడుతున్నది గనుక భయం లేదా?

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఇది నాకు గౌరవం తెచ్చే కథ కాదు. అయినా చెప్పకపోతే ఈ వ్యాసానికి ప్రయోజనం లేదు.

1989 సంవత్సరం. గురువుగారి ఇంట పన్నెండేళ్ళు ఉండి చదువుకొని, మా ఊరిలో వైద్యం ప్రారంభించి అప్పటికి మూడేళ్ళయింది. నాడీపరీక్ష బాగా వచ్చుననే గర్వం నాలో ఉండేది. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండే తొమ్మిదేళ్ళ బాలుడు చింతచెట్టు మీదనుంచి పడి కుడి ముంజేయి విరగ్గొట్టుకున్నాడు. నగరంలో శస్త్రచికిత్స చేసి రెండు ఎముకలకూ పలకలు బిగించారు. ఇంకొక రోజు ఉంచుతామని వైద్యులు చెప్పినా, పండుగ దగ్గరపడిందని పెద్దలు బతిమాలి మరునాడే ఇంటికి తెచ్చుకున్నారు.

ఆ రాత్రి ఎనిమిది గంటలకు తల్లి పిల్లవాణ్ణి ఎత్తుకొని వచ్చింది. "అన్నయ్యగారూ, మధ్యాహ్నంనుంచి వీడు ఏడుపు ఆపడం లేదు. ఆసుపత్రివారు ఇచ్చిన మందు రెండుసార్లు వేశాను" అన్నది. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను మణికట్టు దగ్గర కట్టు అంచును కొద్దిగా జరిపి నాడి చూశాను. నాడి చక్కగా ఆడుతున్నది. "రక్తం బాగానే పోతున్నదమ్మా, భయం లేదు. కోసిన చేయి గదా, నొప్పి ఉంటుంది" అని ధైర్యం చెప్పి, వేళ్ళకు వాపు తగ్గించే లేపనం రాసి, నిద్ర పట్టడానికి కషాయం ఇచ్చి పంపాను.

తెల్లవారేసరికి వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. నేను ఒక వేలిని చాపబోతే పిల్లవాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవులలో ఉన్నది. అద్దెకారులో నగరానికి తీసుకొని వెళ్ళాము. శస్త్రవైద్యుడు చూసిన వెంటనే మళ్ళీ లోపలికి తీసుకొనిపోయి, కండరాలను చుట్టిన పొరను పొడవునా కోసి వదులు చేశాడు. చేయి దక్కింది. కాని కండరాలలో కొంతభాగం అప్పటికే చచ్చిపోయింది. ఆ బాలుడి వేళ్ళు ఈనాటికీ పూర్తిగా తెరుచుకోవు. మణికట్టును లోపలికి వంచితే వేళ్ళు చాచుకుంటాయి, మణికట్టును నిలబెడితే ముడుచుకుంటాయి. అతడు ఎడమచేతితో రాయడం నేర్చుకున్నాడు.

ఈ ఉపద్రవం వైద్యలోకానికి కొత్తది కాదు. జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు ఫోక్‌మాన్ 1881లోనే దీని ఫలితమైన వేళ్ళ వంకరను వివరించాడు. నేడు దీనిని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. అరలోపల ఒత్తిడి పెరిగి, అతి సన్నని రక్తనాళాలు నొక్కుకొనిపోయి, కండరానికి, నరానికి రక్తం అందదు. పెద్ద ధమనిలో ఒత్తిడి ఎక్కువ గనుక అందులో రక్తం పారుతూనే ఉంటుంది. అందువల్ల మణికట్టు దగ్గర నాడి ఆడుతూనే ఉంటుంది, కండరం మాత్రం లోపల చచ్చిపోతూ ఉంటుంది. నేను నమ్మిన నాడి అబద్ధం చెప్పలేదు. దానిని అడగకూడని ప్రశ్న నేను అడిగాను.

గురువుగారి దగ్గరకు పోయి జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానం మూడవ అధ్యాయం తీయించారు. భగ్నచికిత్స చెప్పిన ఆ అధ్యాయంలో కట్టు గురించి సుశ్రుతుడు స్పష్టంగా చెప్పాడు: కట్టు వదులైతే ఎముక నిలవదు, బిగిస్తే వాపు, నొప్పి, చీము పుడతాయి, కాబట్టి మధ్యమంగా కట్టాలి. "ఈ భాగం నీకు కంఠతా వచ్చును. ఆ రాత్రి ఎందుకు గుర్తు రాలేదు?" అని మాత్రం అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

మొదటి మూడు రోజులు – ప్రమాద చిహ్నాలు

శస్త్రచికిత్స తరువాత నొప్పి ఉండటం సహజమే. అయితే సహజమైన నొప్పి మందుకు లొంగుతుంది, పూటపూటకు తగ్గుతుంది. కింది చిహ్నాలు కనిపిస్తే అది సహజమైన నొప్పి కాదని గ్రహించాలి.

1. నొప్పి తగ్గవలసింది పోయి గంటగంటకు పెరగడం. వైద్యుడు చెప్పిన మోతాదులో మందు ఇచ్చినా, సమయం కాకుండానే పిల్లవాడు మళ్ళీ మందు అడగడం.

2. వేళ్ళను మెల్లగా చాపితే ముంజేతిలో భరించరాని నొప్పి రావడం.

3. మాటలు రాని చిన్నపిల్లలైతే, ఎత్తుకున్నా, ఇష్టమైనది ఇచ్చినా ఊరడిల్లకపోవడం, కలతపడటం, భయపడినట్లు ఉండటం.

4. కట్టు బయట కనిపించే భాగం ఉబ్బి, తాకితే గట్టిగా ఉండటం.

5. వేళ్ళకు తిమ్మిరి పట్టడం, కదపలేకపోవడం, పాలిపోవడం, చల్లబడటం. ఇవి ఆలస్యంగా వచ్చే చిహ్నాలు. వీటికోసం ఎదురుచూడరాదు.

మొదటి రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా అది అర్ధరాత్రి అయినా బయలుదేరాలి. రక్తం అందని కండరం సుమారు ఆరు గంటలలో తిరిగి కోలుకోలేని స్థితికి చేరవచ్చు. శస్త్రవైద్యునికి ఫోను చేయండి, 108 వాహనాన్ని పిలవండి. కట్టు వదులు చేయవలసి వస్తుంది గనుక, దారిలో దగ్గర ఆసుపత్రి ఉంటే అక్కడ కట్టును చర్మం కనిపించేవరకు విప్పించండి. బయలుదేరేటప్పుడు చేతిని గుండె ఎత్తులో ఉంచాలి, అంతకంటె పైకి ఎత్తరాదు. మళ్ళీ మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక దారిలో పాలు, అన్నం పెట్టరాదు. లేపనాలు, కాపడాలు, కషాయాలు ఏవీ చేయవద్దు. నేను చేసిన తప్పు మీరు చేయవద్దు.

ఏ ప్రమాద చిహ్నమూ లేనప్పుడు మాత్రం మొదటి రెండు మూడు రోజులు చేతిని దిండ్ల మీద గుండెకంటె ఎత్తుగా ఉంచితే వాపు తగ్గుతుంది. మెలకువగా ఉన్నంతసేపు గంటకొకసారి వేళ్ళన్నీ ముడిచి తెరిపించాలి. గోరును నొక్కి వదిలితే తెల్లబడిన గోరు రెండు క్షణాలలో మళ్ళీ ఎర్రబడాలి. ఆ చేతికి ఉన్న ఉంగరం, గాజులు, దిష్టితాడు, తాయెత్తు అన్నీ మొదటే తీసివేయాలి. వాపు వచ్చిన తరువాత దారం కూడా కత్తి వలె కోస్తుంది.

నరముల పరీక్ష – పిల్లల ఆట

ఎముక విరిగినప్పుడుగాని, కడ్డీ చొప్పించేటప్పుడుగాని పక్కనున్న నరము నలగవచ్చు. పిల్లవాణ్ణి 'నీకు స్పర్శ తెలుస్తున్నదా' అని అడిగితే సరిగా చెప్పలేడు. అందుకు ఒక ఆట ఉన్నది. పిల్లలు ఆడుకొనే 'రాయి, కాగితం, కత్తెర' ఆటలో పిడికిలి బిగించడం, అరచేతిని వేళ్ళతో సహా చాపడం, రెండు వేళ్ళను కత్తెర వలె విడదీయడం ఉంటాయి. ఈ మూడు పనులూ మూడు వేర్వేరు నరములవి. దీనికి బొటనవేలిని, చూపుడువేలిని కొనలు కలిపి గుండ్రని సున్న చుట్టించడం చేర్చితే పరీక్ష పూర్తవుతుంది. రోజుకు రెండుసార్లు ఈ ఆట ఆడించండి. నిన్న చేసిన పని ఈనాడు చేయలేకపోతే వెంటనే వైద్యునికి చెప్పాలి. నలిగిన నరములు చాలావరకు కొన్ని వారాలలో, నెలలలో కోలుకుంటాయి, కాని ఆ మాట వైద్యుడు పరీక్షించి చెప్పవలసినది.

కడ్డీలు వేసిన పిల్లలలో మరొక విషయం గమనించాలి. మణికట్టు వెనుకవైపునుంచి కడ్డీ వేసినప్పుడు దాని కొన బొటనవేలిని పైకెత్తే స్నాయువుకు రాసుకొని, అది క్రమంగా అరిగి తెగిపోవచ్చు. ఇది కొన్ని వారాల తరువాత, పెద్ద నొప్పి లేకుండానే జరుగుతుంది. కట్టు తీసిన తరువాత వారానికొకసారి పిల్లవాడి అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టించి, బొటనవేలిని మాత్రం పైకి ఎత్తమనండి. ఎత్తలేకపోతే ఆలస్యం చేయరాదు.

గాయం, కట్టు – శుభ్రత

మొదటి ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం రావచ్చు. మూడవ రోజు తరువాత వచ్చే జ్వరం, గాయం చుట్టూ ఎరుపు, వేడి, చీము, కట్టునుంచి దుర్వాసన – ఇవి సూక్ష్మక్రిములు చేరాయనడానికి గుర్తులు. లోపల లోహం ఉన్నప్పుడు చీము ఎముకదాకా పోయే ప్రమాదం ఉన్నది గనుక ఇంటి వైద్యంతో కాలయాపన చేయకూడదు.

మన ఇళ్ళలో గాయం అనగానే పసుపు అద్దడం అలవాటు. గీరుకున్న మోకాలికి అది చెల్లుతుంది. కుట్లు వేసిన గాయానికి, చర్మం బయటికి కనిపించే తీగల మొదళ్ళకు పసుపు, కాఫీపొడి, ఆకుపసరు, నూనె ఏదీ తగలనీయరాదు. ఆసుపత్రిలో చెప్పిన ప్రకారం పొడిగా ఉంచడమే దానికి మందు. స్నానం చేయించేటప్పుడు కట్టు మీద ప్లాస్టిక్ సంచి చుట్టి, చేతిని నీటికి దూరంగా పట్టుకోవాలి.

కట్టులోపల దురద పుడితే పిల్లలు పెన్సిలు, స్కేలు, అల్లికసూది లోపలికి దూర్చి గోకుతారు. లోపల పడిన గీరు బయటికి కనిపించదు, చీము పట్టిన తరువాతనే తెలుస్తుంది. దురదకు కట్టు మీద మెల్లగా తట్టడం, విసనకర్రతో విసరడం చాలు.

నొప్పికి ఆసుపత్రివారు ఇచ్చిన మందునే వారు చెప్పిన మోతాదులో ఇవ్వాలి. ఇంట్లో పెద్దలకోసం ఉంచిన ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వరాదు.

ఇక నాటుకట్టు సంగతి. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు పేరు విననివారు తెలుగునాట అరుదు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలతో కట్టే ఆ సంప్రదాయం మీద చాలామందికి విశ్వాసం ఉన్నది. సుశ్రుతుడు కూడా మర్రి, మేడి, రావి, మోదుగ, మద్ది చెట్ల బెరడులను, వెదురును బద్దలుగా వాడమన్నాడు. కాని అవన్నీ కోత లేని చేతికి చెప్పినవి. కోసి, కుట్టి, లోహం బిగించిన చేతికి ఆసుపత్రి కట్టు విప్పించి పసరుకట్టు వేయించడం శాస్త్రసమ్మతం కాదు. పసరు గాయంలోకి దిగుతుంది, కట్టు బిగుతును కనిపెట్టేవారు ఉండరు.

తైలమర్దనం ఎప్పుడు?

నా దగ్గరకు వచ్చే తల్లులందరూ అడిగే ప్రశ్న ఇది. ఎముక పూర్తిగా అతుక్కొనేవరకు మర్దనం పనికిరాదు. ముఖ్యంగా మోచేతి దగ్గర గాయపడిన చేతిని పిసికితే, కండరంలో ఎముక వంటి గట్టి పదార్థం పేరుకొని కీలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. ఎందరో పిల్లలకు ప్రేమతో చేసిన మర్దనమే అపకారమైంది.

ఎక్స్‌రేలో ఎముక అతికినట్లు వైద్యుడు చెప్పి, కట్టు తీసి, గాయం పూర్తిగా మానిన తరువాత గోరువెచ్చని నువ్వులనూనెగాని, క్షీరబలా తైలంగాని చర్మానికి పైపైన రాయవచ్చు. ఒత్తిడి ఉండరాదు. తరువాత గోరువెచ్చని నీటితో కడగాలి. కట్టు తీసినప్పుడు చర్మం మీద పొలుసులు, మామూలుకంటె ఎక్కువ వెంట్రుకలు కనిపిస్తాయి. నలుగు పెట్టి రుద్దకండి. అవి కొద్ది వారాలలో తామే పోతాయి.

బిగుసుకున్న కీలును పెద్దలు పట్టుకొని బలవంతంగా వంచడం కూడా నిషిద్ధమే. పిల్లల కీళ్ళు వారి ఆటలతోనే వదులవుతాయి. ఇందుకు సుశ్రుతుడు అరచేతి ఎముక విరిగినవారికి చక్కని క్రమం చెప్పాడు. మొదట మట్టిముద్దను పట్టించాలి, తరువాత ఉప్పుగడ్డను, చేతికి బలం వచ్చాక రాతిని పట్టించాలి. మెత్తనిదానినుంచి గట్టిదానికి, తేలికనుంచి బరువుకు పోవడమే ఇందులోని సూత్రం. ముంజేతికి కూడా ఇది చక్కగా వర్తిస్తుంది. వైద్యుడు అనుమతించిన తరువాత మొదటి వారం చపాతీపిండి ముద్దను పిసకనివ్వండి. తరువాత తడిగుడ్డను పిండించండి. ఆ తరువాత చిన్న చెంబుతో నీళ్ళు మొక్కకు పోయించండి. వ్యాయామం అని చెబితే చేయని పిల్లవాడు మొక్కకు నీళ్ళంటే పరుగెత్తుకొని వస్తాడు.

వంకర, తిరుగుడు, మళ్ళీ విరగడం

ఎక్స్‌రేలో కొద్దిపాటి వంకర చూసి తల్లిదండ్రులు కలవరపడతారు. పిల్లల ఎముకకు ఎదుగుతూ తనను తాను సరిదిద్దుకొనే శక్తి ఉన్నది. ముంజేతి ఎముకల పెరుగుదలలో ముప్పాతిక భాగం మణికట్టు వైపునుంచే జరుగుతుంది. అందువల్ల ఎనిమిది తొమ్మిదేళ్ళలోపు పిల్లలలో మణికట్టు దగ్గరి వంకర చాలావరకు సరి అవుతుంది. అయితే ఎముక మెలిపడి అతికితే ఆ మెలి తనంత తాను పోదు. అరుదుగా రత్ని, అరత్ని రెండూ ఒకదానికొకటి అతుక్కొని తిరుగుడు పూర్తిగా పోతుంది.

దీనికి ఇంటి పరీక్ష సులభం. పిల్లవాడి మోచేతులు రెండూ నడుముకు ఆనించి, రెండు పిడికిళ్ళలో చెరొక పెన్సిలు నిలువుగా పట్టించండి. అరచేతులు పైకి, తరువాత కిందికి తిప్పమనండి. రెండు పెన్సిళ్ళు ఇంచుమించు సమానంగా వాలాలి. కట్టు తీసిన మొదటి వారాలలో తేడా ఉంటుంది. నెలనెలా ఆ తేడా తగ్గకుండా ఒకేచోట నిలిచిపోతే వైద్యునికి చూపాలి. తీర్థానికి చేయి చాచినప్పుడు పిల్లవాడు భుజాన్ని పక్కకు వంచి అరచేతిని పైకి తెస్తున్నాడేమో గమనించండి. తిరుగుడు లోపాన్ని పిల్లలు భుజంతో కప్పిపుచ్చుకుంటారు.

సుశ్రుతుడు బాల్యంలో భగ్నసంధానానికి ఒక మాసం, నడివయసులో రెండు మాసాలు, వార్ధక్యంలో మూడు మాసాలు అన్నాడు. ఒక మాసంలో ఎముక అతుకుతుందనే మాట నేటి అనుభవానికీ దగ్గరగానే ఉన్నది. కాని అతకడం వేరు, పూర్వబలం రావడం వేరు. ముంజేయి తిరిగి విరగడం ఎక్కువగా మొదటి సంవత్సరంలోనే, అందులోనూ మొదటి ఆరు నెలలలోనే జరుగుతుంది. నొప్పి పోయింది గదా అని క్రికెట్‌కు, కబడ్డీకి, చెట్లెక్కడానికి పంపరాదు. ఎక్స్‌రే చూసి వైద్యుడు చెప్పినప్పుడే పంపాలి. మూడు నెలలు దాటినా బరువు ఎత్తితే విరిగినచోటనే నొప్పి వస్తుంటే, ఎముక, ముఖ్యంగా అరత్ని, ఆలస్యంగా అతుకుతున్నదేమో చూపించాలి.

కడ్డీలను సాధారణంగా ఆరు నెలలనుంచి సంవత్సరంలోపు తీస్తారు. చర్మం కింద కడ్డీ కొన బొడిపెలా తగిలి నొప్పి పెడితే దాని మీద మెత్తని గుడ్డ మడత కట్టవచ్చు. చర్మం ఎర్రబడి పలచబడితే మాత్రం గడువుకు ముందే చూపించాలి. లోహం తీసిన తరువాత కూడా కొన్ని వారాలు ఆటలు మానాలి.

ఆహారం, ఔషధం

భగ్నరోగికి బియ్యపు అన్నం, పాలు, నెయ్యి, బఠాణీ కట్టు, మాంసరసం వంటి బృంహణాహారం హితమని, ఉప్పు, కారం, పులుపు, క్షారం అధికమైతే అహితమని సుశ్రుతుడు చెప్పాడు. పిల్లల విషయంలో దీనిని ఇలా అన్వయించుకోవచ్చు. రోజుకు రెండు పూటలా పాలు లేదా మజ్జిగ, ఉదయం రాగిజావ, సాయంత్రం నువ్వులు బెల్లం కలిపిన ఉండ ఒకటి, అన్నంలో పప్పుతో మునగాకు, నెయ్యి. తినేవారికి గుడ్డు, మాంసరసం. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. పొట్టు తీయని నువ్వులలో వేయి మిల్లీగ్రాములకు పైగా ఉన్నది. తిన్న కాల్షియం ఒంటపట్టడానికి ఎండ కావాలి గనుక కొంతసేపు ఆరుబయట కూర్చోబెట్టండి. ఊరగాయలు, పొట్లాలలో అమ్మే ఉప్పు చిరుతిళ్ళు కడుపు నింపి, కావలసిన ఆహారాన్ని తిననీయవు. అవి తగ్గించండి. పడుకొని ఉండటంవల్ల, మందులవల్ల మలబద్ధం వస్తే నానబెట్టిన ఎండుద్రాక్ష మేలు చేస్తుంది.

నల్లేరుకు అస్థిసంహారకమని పేరు. లేత కణుపులను పీచు తీసి నేతిలో వేయించి చేసిన పచ్చడిని, తినడం అలవాటున్న ఇళ్ళలో, వారానికి ఒకటి రెండుసార్లు ఆహారంగా పెట్టవచ్చు. పచ్చి నల్లేరు నోటికి, చర్మానికి దురద కలిగిస్తుంది. నల్లేరు చూర్ణాలు, లాక్షాదిగుగ్గులు, పగడపు భస్మం, ముత్యపు భస్మం వంటివి పిల్లలకు సొంతంగా వాడకూడదు. వైద్యుడు పిల్లవాణ్ణి చూసి, ఆసుపత్రి మందులేమిటో తెలుసుకొని ఇవ్వవలసినవి అవి. ఏ ఔషధమైనా వంగి అతికిన ఎముకను నిటారు చేయలేదు, బిగిసిన అరను వదులు చేయలేదు. ఈ మాట ఆయుర్వేద వైద్యుడిగా నేను చెప్పడమే ఉచితం.

నా వలన చేయి పాడైన ఆ బాలుడు ఇప్పుడు నలభై దాటిన గృహస్థు. పట్టణంలో ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. నన్ను ఎన్నడూ నిష్ఠురమాడలేదు. గత వేసవిలో అతని కూతురు సైకిలు మీదనుంచి పడి ముంజేయి విరగ్గొట్టుకుంటే కడ్డీలు వేశారు. ఇంటికి తెచ్చిన రాత్రి పది గంటలకు నాకు ఫోను చేశాడు. "మామయ్యగారూ, వేళ్ళు చాపితే ఏడవడం లేదు. గోరు నొక్కితే ఎరుపు వస్తున్నది. మందు వేసి రెండు గంటలైంది, నిద్రపోయింది" అన్నాడు. "మళ్ళీ ఒంటిగంటకు లేచి చూడు" అన్నాను. "మూడింటికి కూడా చూస్తాను" అన్నాడు.

ఆ పిల్ల చేయి ఇప్పుడు బాగున్నది. మొన్న దసరాకు వచ్చినప్పుడు రెండు అరచేతులూ చక్కగా చాచి ప్రసాదం తీసుకున్నది.